సార్, బాత్రూం!
(జపాను భాషలో స్నానాల గది మాటలు)



మన తరగతిలో రోజుకి ఎన్నిసార్లు ఈ మాట వినపడుతుందో ఎవరైనా లెక్కపెట్టారా? చిటికెన వేలు ఎత్తి "సార్, బాత్రూం!" అంటాం. ఇంకా తొందరైతే "సార్, బాత్రూం వస్తోంది!" అంటాం. నిజానికి బాత్రూం రాదు, మనమే దాని దగ్గరికి పోవాలి. అయినా సార్‌కి అర్థమైపోతుంది, "పో" అంటారు.

ఇదే మాట జపానులో ఒకరింటికి చుట్టంగా పోయి అన్నామనుకోండి. ఆ ఇంటామె మన చేతికి తువ్వాల ఇచ్చి, వేడినీళ్ల తొట్టి ఉన్న గది చూపిస్తుంది. మనం పొట్ట పట్టుకుని నిలబడాల్సిందే! ఎందుకంటే జపాను ఇళ్లలో స్నానం చేసే గది వేరు, లెట్రిన్ గది వేరు. రెండిటికీ వేరువేరు పేర్లు. ఏది కావాలో అదే అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, సరైన మాటతో అడక్కపోతే జపాను అమ్మ కూడా ఏం చేస్తుంది?

అందుకని ఈసారి మన గోడపత్రికలో జపాను వాళ్ల స్నానాల గది మాటలు చెప్తాను. ముక్కు మూసుకోకండి, నవ్వితే నవ్వండి గానీ చివరిదాకా చదవండి. చివర్లో మన బడి పనొకటి ఉంది.

ఈ మాటలు నాకెలా తెలిసినయ్?

మా తండాలో ఒక అక్క ఉంది. నర్సు కోర్సు చదివింది. ఇప్పుడు హైదరాబాదులో ఉండి జపాను భాష నేర్చుకుంటోంది. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఒక లావుపాటి నోటుబుక్కు తెచ్చింది. పూలు, పండ్లు, రంగుల పేర్లు ఉంటాయని ఆశగా తెరిచాను. అవీ ఉన్నయ్. కానీ ఎర్ర సిరాతో గీతలు కొట్టి, పదిపదిసార్లు రాసుకున్న పేజీలు వేరే ఉన్నయ్. వాటిల్లో ఉన్నదంతా లెట్రిన్, స్నానం, సబ్బు, తడినేల, నొప్పి, వేడి, చలవ. ఇవే మాటలు.

మా తండాలో ఒక తాత నవ్వాడు. "ఏందమ్మా, నర్సు చదివినదానివి, దొడ్డి మాటలు నేర్చుకోడానికి హైదరాబాదు పోవాలా?" అన్నాడు. అక్క కోప్పడలేదు. "తాతా, నీకు కాలు విరిగి ఆస్పత్రిలో మంచాన పడ్డప్పుడు పొద్దున లేవగానే మొట్టమొదట ఏం అడిగావు? అన్నం అడిగావా?" అంది. తాత మళ్లీ నోరు మెదపలేదు.

ఆ రోజు నుంచి ఆ పేజీలు నేను కూడా రాసుకున్నాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

చాటు మాటలు

ముందు లెట్రిన్ సంగతి. జపానులో ఇప్పుడు అందరూ అనే మాట "తొయిరె". ఇది ఇంగ్లీషు టాయిలెట్ మాటే, తోక కత్తిరించి వాళ్ల నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. మనం లెట్రిన్, బాత్రూం అని మార్చుకోలేదూ, అట్లాగే.

మర్యాదగా అనాలంటే "ఒతెఅరై". "తె" అంటే చెయ్యి, "అరై" అంటే కడుక్కోవడం. చేతులు కడుక్కునే చోటు అన్నమాట. పోయే పని ఒకటి, చెప్పే పని ఇంకొకటి! పెద్ద దుకాణాల్లో, హోటళ్లలో "కెషోషిత్సు" అని రాసి ఉంటుంది. అంటే ముఖానికి అలంకారం చేసుకునే గది. "బెంజొ" అని ఇంకో మాట ఉంది. అది మోటు మాట, పెద్దల ముందు అనగూడదు. పాతకాలం మాట "కవయ". "కవ" అంటే నది, "య" అంటే ఇల్లు, వెనకటికి పారే నీళ్ల మీద కట్టుకునేవాళ్లు కాబట్టి ఆ పేరొచ్చిందని ఒక అర్థం చెప్తారు.

ఇదంతా విని జపాను వాళ్లు వింత మనుషులు అనుకోకండి. మనమేం తక్కువ తిన్నామా? "బయటికి పోయొస్తా" అంటాం. "చెరువుకి పోయాడు" అంటాం. చెంబు పట్టుకుని పోతుంటే ఎక్కడికని ఎవరూ అడగరు. పుస్తకాల్లో "కాలకృత్యాలు" అని రాస్తారు. మరుగుదొడ్డి అనే మాటనే విడదీసి చూడండి: మరుగు అంటే చాటు, దొడ్డి అంటే ఇంటి వెనక జాగా. అసలు పని పేరు ఎక్కడా లేదు! మనిషి ఏ దేశంలో ఉన్నా ఈ పనికి సిగ్గే, ఈ పనికి తొందరే. సిగ్గు వల్ల చాటు మాటలు పుట్టినయ్, తొందర వల్ల పొట్టి మాటలు పుట్టినయ్.

మొట్టమొదట నేర్చుకోవాల్సిన వాక్యం ఇది:

తొయిరె వ దొకొ దెస్ క? (లెట్రిన్ ఎక్కడండీ?)

"దొకొ" అంటే ఎక్కడ. చివర "క" వస్తే ప్రశ్న. మనం "వచ్చాడు" చివర దీర్ఘం తీసి "వచ్చాడా?" అంటే ప్రశ్న అయినట్టే, వాళ్లు "క" తగిలిస్తారు. 

తరగతిలో అడగాల్సిన మాట: తొయిరె ఎ ఇత్తె మొ ఈ దెస్ క? (లెట్రిన్‌కి పోవచ్చాండీ?)

తలుపు దగ్గర, తలుపు లోపల

తలుపు మీద బొమ్మ లేకుండా అక్షరమే ఉంటే ఎట్లా? గుర్తు చెప్తాను. "ఒతొకొ" అంటే మగవాళ్లు. ఆ అక్షరంలో పైన నాలుగు మడుల పొలం ఉంటుంది, కింద బలం అనే గుర్తు ఉంటుంది. పొలంలో బలం పెట్టేవాడు మగవాడని ఆ అక్షరం అర్థం. (మా తండాలో నాట్లు, కలుపులు, పత్తి తీతలు అన్నీ అమ్మలే చేస్తారు. ఆ అక్షరం కనిపెట్టినాయన మా తండాకి రాలేదు.) "ఒన్న" అంటే ఆడవాళ్లు. ఆ అక్షరంలో పొలం లేదు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే మూడు గీతలే. కాబట్టి పొలం కనపడితే మగపిల్లల వైపు, లేకపోతే ఆడపిల్లల వైపు.

లోపలికి పోయేముందు చెప్పులు చూడండి. జపాను ఇళ్లలో లెట్రిన్ గదికి ప్రత్యేకంగా చెప్పులుంటాయి. వాటిని "సురిప్ప" అంటారు. స్లిప్పర్ అనే మాటే ఇది. ఇంట్లో తిరిగే చెప్పులు గుమ్మం దగ్గర విడిచి అవి వేసుకోవాలి, బయటికొచ్చేటప్పుడు మళ్లీ అక్కడే విడవాలి. కొత్తగా పోయిన వాళ్లు మరిచిపోయి ఆ చెప్పులతోనే ఇంట్లోకి వస్తారు. ఇల్లంతా నవ్వుతుంది.

కూర్చునే రకాలు రెండు. మనలాగా గొంతుకూర్చునేది "వషికి", అంటే జపాను పద్ధతి. కుర్చీలాంటిది "యోషికి", అంటే పడమటి దేశాల పద్ధతి. వషికిలో ఒక చివర గూడులాగా పైకి లేచి ఉంటుంది. ఆ వైపుకి ముఖం పెట్టి కూర్చోవాలి. ఇప్పుడు ఎక్కువ చోట్ల కుర్చీలే వచ్చినయ్.

నీళ్లు వదిలే పిడి మీద రెండు అక్షరాలుంటాయి. ఒకటి "దై", అంటే పెద్ద. ఇంకొకటి "షో", అంటే చిన్న. అర్థమైంది కదా! మనం ఒకటికి, రెంటికి అని వేళ్లు చూపిస్తాం. వాళ్లు చిన్నది, పెద్దది అంటారు. చిన్నదానికి పిడి షో వైపు తిప్పితే కొద్ది నీళ్లు, పెద్దదానికి దై వైపు తిప్పితే ఎక్కువ నీళ్లు. నీళ్లు పొదుపు చేసే తెలివి ఇది. "నగసు" అంటే నీళ్లు వదిలి పోనియ్యడం.

ఇంకో విశేషం. జపాను వాళ్లు కాగితంతో తుడుచుకునేవాళ్లు. కాగితాన్ని "కమి" అంటారు. 1980లో తోతో అనే కంపెనీ వాష్‌లెట్ అని ఒకటి అమ్మకానికి పెట్టింది. మీట నొక్కితే కుర్చీలోంచే గోరువెచ్చని నీళ్లు చిమ్మి కడుగుతుంది. ఇప్పుడు అక్కడ చాలా ఇళ్లలో ఇట్లాంటివే ఉన్నాయి. అక్క ఈ సంగతి చెప్తే మా నానమ్మ "ఓస్, ఇంతేనా! మా చెంబు చేసే పనే కదా, దానికి కరెంటు ఎందుకు?" అంది.

కాకపోతే ఆ కుర్చీ పక్కన మీటలు చాలా ఉంటాయి. అక్షరాలు రాని విదేశీయులు ఏదో నొక్కి, నీళ్లు ఆపడం తెలియక తిప్పలు పడేవాళ్లు. ఒక్కో కంపెనీ ఒక్కో బొమ్మ వేసేది మరి. 2017లో అక్కడి కంపెనీలన్నీ ఒకే రకం బొమ్మలు వాడాలని ఒప్పుకున్నాయి. చదువు రానివాడికి కూడా దారి తెలియాలి. లెట్రిన్ దగ్గర ఇది మరీ ముఖ్యం.

స్నానాల గది

స్నానాన్నీ, ఆ వేడినీళ్ల తొట్టినీ కలిపి "ఒఫురొ" అంటారు. అసలు మాట ఫురొ. ముందు "ఒ" చేరిస్తే గౌరవం. మనం రామయ్యగారు అని వెనక గారు పెడతాం, వాళ్లు ముందు ఒ పెడతారు. మనుషులకే కాదు, స్నానానికీ, వేడినీళ్లకీ కూడా గౌరవమే!

నీళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. మనకి నీళ్లు ఒకటే మాట. వేడినీళ్లు, చన్నీళ్లు అని ముందు ఒక ముక్క తగిలిస్తాం. మా లంబాడీలో పాణి అంటాం. జపానులో అట్లా కాదు. చన్నీళ్లు "మిజు". వేడినీళ్లు "యు", మర్యాదగా "ఒయు". వేడి చేస్తే నీళ్ల పేరే మారిపోతుంది! "వేడి మిజు" అంటే వాళ్లకి వినడానికి తప్పుగా ఉంటుంది. మనం బియ్యం ఉడికితే అన్నం అంటాం కదా, వేడి బియ్యం అనం. అట్లాగే అనుకోండి.

ఒఫురొలో పెద్ద నియమం ఒకటుంది. తొట్టిలోకి దిగేది ఒళ్లు కడుక్కోడానికి కాదు. ముందు బయట చిన్న పీట మీద కూర్చుని, సబ్బుతో రుద్దుకుని, నురుగు పోయేదాకా నీళ్లు పోసుకోవాలి. ఆ తర్వాతే శుభ్రమైన ఒంటితో తొట్టిలో కూర్చోవాలి. ఆ తొట్టిని "యుబునె" అంటారు. "యు" అంటే వేడినీళ్లు, "ఫునె" అంటే పడవ. వేడినీళ్ల పడవ అన్నమాట! ఇంట్లో వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు అవే నీళ్లలో కూర్చుంటారు. అందుకే తొట్టిలో సబ్బు వెయ్యగూడదు, తువ్వాల ముంచగూడదు. నా తర్వాత ఇంకొకరున్నారు అని గుర్తుపెట్టుకోవడమే ఆ నియమం. మన బడిలో పంపు దగ్గర వరసలో ఉన్నప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకుంటే ఎంత బాగుంటుంది!

ఇంకొన్ని మాటలు చార్టులో రాసుకోండి:

సెక్కెన్ – సబ్బు
తఒరు – తువ్వాల
తెనుగుయి – తుండుగుడ్డ
ఒకె – చిన్న బకెట్టు
జగుచి – పంపు
కగమి – అద్దం
కుషి – దువ్వెన
హబురషి – పళ్లు తోముకునే బ్రష్షు
హమిగకి – పళ్లు తోముకోవడం

"జగుచి" అంటే ఏమిటో తెలుసా? పాము నోరు! పంపు వంకర చూసి ఆ పేరు పెట్టి ఉంటారు. రేపు పొద్దున పంపు కింద ముఖం కడుక్కునేటప్పుడు చూడండి.

"హమిగకి"లో "హ" అంటే పన్ను, "మిగకి" అంటే రుద్ది మెరుగు పెట్టడం. మన దుర్గిలో శిల్పులు రాతిని చెక్కి, రుద్దిరుద్ది నున్నగా చేస్తారు చూశారా, ఆ పనికి జపానులో ఇదే మాట వాడొచ్చు. బూట్లకీ ఇదే మాట. నేర్చిన విద్యని సానబెట్టుకోవడానికీ ఇదే మాట.

"కిరెయి" అనే మాట కూడా నేర్చుకోవాలి. దానికి శుభ్రం అని ఒక అర్థం, అందం అని ఇంకో అర్థం. రెండిటికీ ఒకటే మాట. అక్కడి బళ్లలో పిల్లలే తరగతి గదులు, వరండాలు ఊడ్చి తుడుస్తారు. చాలా బళ్లలో లెట్రిన్లు కూడా వాళ్లే కడుగుతారు. ఆ పనిని "సోజి" అంటారు. ఒక కులం వాళ్లకో, తప్పు చేసిన పిల్లలకో వేసే పని కాదు. అందరికీ వంతు వస్తుంది.

సబ్బు ప్రయాణం

పాత జపాను మాటల్లో సబ్బుని "షబొన్" అనేవాళ్లు. ఇప్పటికీ సబ్బు బుడగల్ని "షబొన్‌దమ" అంటారు. షబొన్, సబ్బు, వినడానికి అన్నదమ్ముల్లా లేవూ? నిజంగా అన్నదమ్ములే. పోర్చుగీసు భాషలో సబ్బుని సబావ్ అంటారు, అరబ్బీలో సాబూన్ అంటారు. 1498లో వాస్కోడగామా కాలికట్టుకి వచ్చాడు. 1543లో పోర్చుగీసు వాళ్లు జపాను చేరారు. అట్లా ఓడలెక్కి తిరిగిన మాటలివి.

షాంపూ సంగతి దీనికి తిరకాసు. జపానులోనూ "షంపూ" అనే అంటారు. ఇది ఇంగ్లీషు మాట అనుకుంటాం. కానీ ఇంగ్లీషు వాళ్లు మన దేశం నుంచే పట్టుకుపోయారు. హిందీలో చాంపో అంటే నొక్కు, పిసుకు అని. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లాండులో బ్రైటన్ అనే ఊళ్లో స్నానశాల పెట్టి, దొరలకి ఒళ్లు మర్దన చేసి పేరు తెచ్చుకున్నాడు. మర్దనకి పెట్టిన పేరు తర్వాత తలంటుకి మారింది. అది జపాను దాకా పోయింది. మన కుంకుడుకాయ రసం పక్కన ఇప్పుడు అదే మాట సీసాలో కూర్చుంది.

మన నోటికి కష్టమా?

కష్టం కాదు. నాలుగు కారణాలు చెప్తాను.

1. జపానులో అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. వాటికి దీర్ఘాలు. పొట్టి ఎ, పొట్టి ఒ హిందీ రాతలో లేవు, మనకున్నాయి. కాబట్టి జపాను మాటల్ని తెలుగులో దాదాపు పలికినట్టే రాసుకోవచ్చు.

2. వాళ్ల అక్షరాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ అని పోతుంది. మన అఆఇఈ, కచటతపల చుట్టం లాగా లేదూ? బౌద్ధ భిక్షువులు సంస్కృత అక్షరాలు నేర్చుకున్నందువల్ల ఆ వరస అట్లా కుదిరింది.

3. దీర్ఘం తేడా వస్తే అర్థం మారుతుంది. "ఒబసన్" అంటే పిన్ని లాంటి ఆమె, "ఒబాసన్" అంటే నానమ్మ. పిన్ని వయసామెని నానమ్మా అంటే ఊరుకుంటుందా? మనకి కల వేరు, కాల వేరు. కాబట్టి ఈ జాగ్రత్త మనకి చిన్నప్పుడే అలవాటు. ఒత్తుల సంగతి కూడా అంతే. "కితె" అంటే రా, "కిత్తె" అంటే తపాలా బిళ్ల.

4. మాటల వరస మనదే. నేను నీళ్లు తాగుతాను అనడానికి "వతషి వ మిజు ఒ నొమిమస్" అంటారు. వతషి నేను, మిజు నీళ్లు, నొమిమస్ తాగుతాను. క్రియ చివరే వస్తుంది. ఇంగ్లీషులోలాగా మధ్యలో దూరదు.

హైదరాబాదులోని ఇఫ్లూ అనే కేంద్ర విశ్వవిద్యాలయంలో జపాను భాష నేర్పుతారు. మనలో ఎవరైనా అక్కడిదాకా పోవచ్చు.

నాగార్జునకొండ నుంచి నారా దాకా

మన దుర్గికి దగ్గర్లోనే నాగార్జునసాగరం ఉంది. విహారయాత్రకి పోయినవాళ్లు లాంచీలో నాగార్జునకొండ దీవికి పోయుంటారు. అక్కడ ఇక్ష్వాకుల కాలం నాటి స్నానఘట్టం ఉంది, చక్కటి రాతి మెట్లతో. ఆ కొండకి పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాను బౌద్ధులు గొప్ప గురువుగా తలుచుకుంటారు. వాళ్లు ఆయన్ని "ర్యూజు" అంటారు. "ర్యూ" అంటే నాగం, "జు" అంటే చెట్టు. అర్జున అంటే మద్దిచెట్టు కదా! మన నాగార్జునుడి పేరే వాళ్ల భాషలోకి మారింది.

బౌద్ధం జపానుకి 6వ శతాబ్దంలో చేరింది. అక్కడి గుళ్లలో భిక్షువులకి స్నానశాలలు కట్టారు. తర్వాత బీదవాళ్లకీ, రోగులకీ కూడా అక్కడ స్నానం చేయించడం పుణ్యకార్యం అయింది. 8వ శతాబ్దంలో కోమ్యో అనే మహారాణి ఉండేది (701–760). ఆమె గురించి నారా నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. వెయ్యి మందికి తన చేతులతో స్నానం చేయిస్తానని మొక్కుకుందట. 999 మంది అయ్యారు. వెయ్యో మనిషి ఒళ్లంతా పుండ్లతో ఉన్న కుష్ఠురోగి. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి తగ్గారు. రాణి తగ్గలేదు, అతని ఒళ్లు కడిగింది. అప్పుడా రోగి బుద్ధుడై వెలిగి కనపడ్డాడట.

ఇది కథ, చరిత్ర కాదు. అయినా ఒక దేశం ఇట్లాంటి కథని ఇన్ని వందల ఏళ్లు దాచుకుందంటే ఇంకొకరికి స్నానం చేయించడం తక్కువ పని కాదని అనుకున్నట్టే కదా.

అక్క పేజీల్లో ఎర్ర గీతలు ఎందుకు?

ఇప్పుడు జపానులో ప్రతి 100 మందిలో సుమారు 29 మంది 65 ఏళ్లు దాటినవాళ్లు. చూసుకునే చేతులు చాలడం లేదు. అందుకని వేరే దేశాల వాళ్లని పిలుస్తున్నారు. 2021 జనవరిలో మన దేశానికీ జపానుకీ దీని మీద ఒప్పందం అయింది. ముసలివాళ్ల సేవ అందులో ఒక పని. దాన్ని "కైగొ" అంటారు. దానికి భాష పరీక్ష, పని పరీక్ష పాసవ్వాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి జపాను భాష నేర్పించి పంపే ఏర్పాటు చేసింది. (ఊళ్లోకొచ్చి డబ్బులు కట్టమనే వాళ్లని నమ్మకండి. ప్రభుత్వ అనుమతి ఉందో లేదో చూసుకోవాలని అక్క మరీమరీ చెప్పింది.)

కైగొలో మూడు పెద్ద పనులు. "షొకుజి" అంటే తినిపించడం, "న్యూయొకు" అంటే స్నానం చేయించడం, "హైసెత్సు" అంటే మలమూత్రాల సాయం. మూడిట్లో రెండు ఈ గదిలోనే! ఎర్ర గీతలు అందుకు.

పుస్తకంలో హైసెత్సు అని ఉందని ముసలామె దగ్గర అదే మాట అంటే తప్పు. అది పరీక్షలో రాసే మాట. చిన్నపిల్లలతో "ఒషిక్కొ", "ఉంచి" అంటారు, మనం పసిపిల్లల్ని సుస్సు, ఆయి అని అడిగినట్టు. ఆ మాటలు 80 ఏళ్ల పెద్దామెతో అనడం ఇంకా తప్పు. ఆమె పసిపాప కాదు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పి ఉండొచ్చు, పది మందికి వండిపెట్టి ఉండొచ్చు. మంచాన పడినంత మాత్రాన పెద్దరికం పోతుందా? ఆమె దగ్గరగా వంగి, పక్కవాళ్లకి వినపడకుండా, "ఒతెఅరై ని ఇకిమషో క?" అనాలి. చేతులు కడుక్కునే చోటుకి పోదామాండీ అని. మనం నవ్వుకున్న చాటు మాట ఇక్కడ ఆమె పరువు కాపాడుతుంది.

స్నానం చేయించేటప్పుడు అక్క నేర్చుకున్న వాక్యాలు ఇవి:

ఒయు కగెన్ వ ఇకగ దెస్ క? – వేడి సరిపోయిందాండీ?
అత్సుయి – వేడిగా ఉంది
నురుయి – చల్లారిపోయింది
త్సుమెతై – ముట్టుకుంటే చల్లగా ఉంది
సెనక ఒ నగషిమస్ – వీపు కడుగుతానండీ
సుబెరిమస్ కర, కి ఒ త్సుకెతె కుదసై – జారుతుంది, జాగ్రత్తండీ
ఇతై – నొప్పి
దైజోబు దెస్ క? – ఏం ఫరవాలేదు కదాండీ?

తొట్టి నీళ్లు మామూలుగా 40 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ముసలివాళ్లకి చర్మం పల్చన, వేడి తొందరగా తెలియదు. చలికాలం చల్లటి గదిలోంచి ఒక్కసారిగా వేడినీళ్లలో దిగితే రక్తపోటు తేడా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి "అత్సుయి" అని ఆమె అంటే ఆ ఒక్క మాట అర్థం కావాలి. అర్థం కాకపోతే చదివిన నర్సు చదువు ఆ నిమిషానికి ఏ పనికీ రాదు.

ఇక నా సంగతి

ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నేను ఒకటో తరగతిలో చేరిన బడి పేరు చెప్పను. అప్పుడు నాకు మా లంబాడీ తప్ప తెలుగు సరిగ్గా రాదు. యాడి చెయ్యి వదిలి పోయింది. కాసేపటికి నాకు అవసరం పడింది. మా భాషలో లేచి అడిగాను. టీచరుగారికి అర్థం కాలేదు, "కూర్చో" అని సైగ చేశారు. మళ్లీ అడిగాను. మళ్లీ కూర్చోమన్నారు. ఇంకేం జరిగిందో మీరే ఊహించుకోండి. పిల్లలందరూ నవ్వారు. నేను వారం రోజులు బడికి పోలేదు. టీచరుగారు చెడ్డవారు కాదు, నా మాట ఆమెకి రాదు, ఆమె మాట నాకు రాదు. మా ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు, అంతే.

అక్క నోటుబుక్కు చూసినప్పుడు నాకు ఆ రోజే గుర్తొచ్చింది. జపానులో మంచాన ఉన్న ముసలామె అడిగితే మన అక్కకి అర్థం కావాలి. మన బడిలో కొత్తగా చేరిన పిల్ల అడిగితే మనకి అర్థం కావాలి. రెండూ ఒకటే.

అందుకని నా మనవి. లంబాడీ, ఎరుకల ఇళ్లల్లో మాట్లాడే వాళ్లు, చెంచు పెంట నుంచి వచ్చిన వాళ్లు, మన బడిలో అందరం ఉన్నాం. ఒక్కొక్కరం మన ఇంటి మాటలో "లెట్రిన్‌కి పోవాలి", "నీళ్లు కావాలి", "కడుపు నొప్పి", "భయమేస్తోంది" అనే నాలుగు మాటలు ఎట్లా అంటామో రాద్దాం. పక్కన తెలుగు రాద్దాం. బొమ్మలు వేద్దాం. నవంబరు 19 ప్రపంచ మరుగుదొడ్ల దినం, 2013లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్నది. ఆ రోజుకి ఆ చార్టు చిన్నపిల్లల గది తలుపుకీ, స్టాఫు రూముకీ అంటిద్దాం. మన టీచర్లు కూడా ఆ నాలుగు మాటలు నేర్చుకుంటామంటే మనమే నేర్పుదాం. రాయగలిగిన వాళ్లు కాగితాలు నాకు ఇవ్వండి.

ఎంత చదివావో చూసుకో

1. వేడినీళ్లకి, చన్నీళ్లకి జపాను మాటలేవి?
2. "పాము నోరు" అంటే ఏ వస్తువు?
3. తొట్టిలో దిగేముందు ఏం చెయ్యాలి?
4. పెద్దామెతో లెట్రిన్‌కి ఏ మాట వాడాలి: బెంజొ, ఒషిక్కొ, ఒతెఅరై?
5. ర్యూజు అంటే ఎవరు?

(జవాబులు: 1. ఒయు, మిజు. 2. పంపు. 3. బయట ఒళ్లు కడుక్కోవాలి. 4. ఒతెఅరై. 5. ఆచార్య నాగార్జునుడు. ముందే చూసినవాళ్లు పంపు దగ్గర వరసలో చివర నిలబడాలి!)

– తొమ్మిదో తరగతి విద్యార్థిని